మడ్డి

కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీ వెనక
నూనె తోడేసిన పీపాల అడుగున
తారులా మిగిలేది మడ్డి.
లారీ రాని నెలల్లో
దానివైపు ఎవరూ కన్నెత్తి చూడరు.

దమయంతి పాత డబ్బాతో తోడుకెళ్ళేది.
పొయ్యి రాజెయ్యడానికనుకున్నాం.

పిక్కల తొక్కు నూరి, రంపంపొట్టు కలిపి,
మూడు రాత్రులు ఆరనిచ్చి
చెయ్యి చేసింది.
మణికట్టు దాకా, ఒక్క చెయ్యి.
బొటనవేలు కాస్త లోపలికి,
పిక్క కొట్టేటప్పుడు వంగినట్టే.

"ఎవులు నేర్పినారే?"
"ఎవులు నేర్పుతారు?
ఇరవయ్యేళ్ళుగా ఈ సేతినే సూస్తన్నాను గదా."

తరవాత ఎన్ని చేసిందో.
కిటికీలో ఒకటి, బియ్యం డబ్బా మీద ఒకటి,
సూరమ్మ పిన్నిది, చిటికెనవేలు లేనిది,
బూడిద రాసుకుని
పనికి సిద్ధంగా ఉన్నది.

డిపోలో మిషను మాత్రం ఆమె వేలిని నమ్మలేదు.
తుడిచి పెట్టమన్నాడు. తడిపి పెట్టమన్నాడు.
జీడి తినేసిన గీతలు
ఏ బియ్యానికని తిరిగొస్తాయి?

ఆ రాత్రి మనవరాలి బొటనవేలు
దీపం దగ్గర పట్టుకుని
పిన్నీసు మొనతో
మడ్డివేలి మీద గీసింది:
సుడి, సుడిలో సుడి,
మధ్యలో చిన్న చీలిక.
గుంట నిద్రపోయినా వేలు వదల్లేదు.

మర్నాడు ఆ చేతిని సంచిలో పెట్టుకెళ్ళి
"బాబూ, ఇది ఒప్పుద్దేమో సూడు" అంది.
వరుసంతా నవ్వింది.
ఆమె నవ్వలేదు.

నాకిచ్చిన చెయ్యి మా గూట్లో ఉంది.
వైశాఖం ఎండకి మెత్తబడి
వేళ్ళు రవ్వంత ముడుచుకుంటాయి.
ఏం పట్టుకుందామనో
ఇంకా అడగలేదు నేను.