అతిథిని ముట్టుకోవడం

మా మేనేజరు మొదటిరోజే నేర్పాడు:
అతిథికి మూరెడు దూరంలో నిలబడాలి.
గొంతు పెంచకూడదు. ముట్టుకోకూడదు.
ఏమడిగినా ముందు "ఆయ్", తరవాతే మిగతా మాట.
పదకొండేళ్లుగా దిండి రేవులో
ఆ మూరెడు దూరాన్నే ట్రేలో పెట్టుకు మోస్తున్నాను.

ఇవాళ డైనింగ్ హాల్లో బల్లలన్నీ గోడకి జరిపించి
రాజోలు నుంచి వచ్చిన ఎస్తేరు సిస్టరు
సంచీ జిప్పు లాగి ఒక మనిషిని బయటికి తీసింది.
నడుం దాకానే ఉన్నాడు.
రబ్బరు పెదాలు కొంచెం తెరిచి
ఏదో ఆర్డరు చెప్పబోయి మర్చిపోయినట్టున్నాడు.

"భుజాలు తట్టు. గట్టిగా పిలు.
పలక్కపోతే సాయానికి కేకెయ్.
చొక్కా గుండీలు విప్పుతూ కూచోకు, చింపెయ్."
మంగతాయారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.
నేను మెల్లిగా వంగి
"అయ్యగారూ, ఒకసారి లేస్తారాండీ" అన్నాను.
సిస్టరు గడియారం చూపించింది:
"నువ్వు మర్యాద చేసేలోగా
ఆయన బుర్రలో దీపాలు ఒక్కోటీ ఆరిపోతున్నాయి బాబూ."

కొబ్బరి కోరే మంగతాయారు చేతులే
అందరికన్నా బాగా నొక్కాయి.
రెండంగుళాల లోతున టక్కుమని మీట పలికింది.
సరంగు ఏసు లెక్క తప్పలేదు.
ముప్పై ఏళ్లుగా ఇంజను చప్పుడుతో కాపురం చేసినవాడు,
ముప్పై నొక్కులు, రెండు ఊపిర్లు, మళ్లీ ముప్పై.
"పక్కటెముక విరిగితేనో?" అన్నాడు వంటమాస్టరు సత్తిపండు.
"బతికినోడికి అతుక్కుంటుంది" అంది ఆవిడ, తలెత్తకుండానే.

"నూట ఎనిమిదికి ఎవరో ఒకరు చెయ్యండంటే ఎవరూ చెయ్యరు.
వేలు పెట్టి, పేరు పెట్టి చెప్పాలి."
నది మధ్యలో సిగ్నలు ఎక్కడ పోతుందో ఏసు చెప్పాడు:
లంక మలుపు తిరిగాక, ఇటుకబట్టీ పొగ కనబడేదాకా.
ఆవిడ అది రాసుకుంది.
ఇన్నేళ్లలో ఆ సంగతి అతన్ని ఎవరూ అడగలేదు.

నా వంతొచ్చింది. మోకాళ్లమీద కూచున్నాను.

పోయిన కార్తీకంలో మూడో కేబిన్ ఆయన,
పోస్టుమాస్టరుగా రిటైరయ్యారట,
ఇంకో పెసరట్టు, అల్లం కాస్త ఎక్కువ, అంటూనే
కుర్చీతో సహా పక్కకి ఒరిగిపోయారు.
పరిగెత్తాం. పరిగెత్తి ఏం చేశాం?
మొహాన నీళ్లు చల్లాం. మెనూ కార్డుతో విసిరాం.
ఎవరో గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టారు.
నేనైతే
ఆయన జారిన పంచె సరిచేసి
మూరెడు దూరంలో నిలబడ్డాను.

అరచేతి మడమ బొమ్మ రొమ్ము నడుమ ఆనించాను.
ఒకటి. రెండు. మూడు.
పద్దెనిమిది దగ్గర మోచెయ్యి వంగింది.
"వంచకు" అంది సిస్టరు.
ఇరవైరెండు దగ్గర అల్లం వాసన వచ్చింది.
వంటింట్లో పొయ్యి వెలిగించనేలేదు.
ముప్పై. ఊపిరి. ఊపిరి.
ఇంక చాలు, తరవాతి మనిషి రండి, అన్నారట.
నాకు వినబడలేదు.
ఎన్నో ముప్పైలోనో ఏసు నా భుజమ్మీద చెయ్యేసి
"రెండు నిమిషాలకి మనిషి మారాలన్నారు కదరా,
జరుగు, నేనందుకుంటాను" అన్నాడు.

సాయంత్రం అందరం సంతకాలు పెట్టాం.
లీటరు నీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు అని
సత్తిపండు వంటింటి గోడమీద
పాలవాడి బాకీ లెక్క కింద బొగ్గుతో రాసుకున్నాడు.
రేపు పెద్ద బోటుకి పన్నెండు మంది,
వాళ్లలో ఇద్దరు ముసలాళ్లని కబురొచ్చింది.

బొమ్మ మొహం తుడిచే పని నాకిచ్చింది సిస్టరు.
స్పిరిట్ దూదితో పెదాలు, ముక్కు,
చెప్పకపోయినా చెవుల వెనక కూడా తుడిచాను.
సంచీలో పడుకోబెట్టి
జిప్పు మెడ దాకా లాగి ఆగిపోయాను.
మిగతాది ఆవిడే లాగింది.