దుబాసీ పని

పర్లాకిమిడి పెద్దాసుపత్రిలో నా ఉద్యోగం
చీటీలు రాయడం.
సోమవారం మాత్రం స్కానింగు గదిలో
పాఢి మేడమ్‌కీ పాతపట్నం వైపు ఆడవాళ్లకీ మధ్య
స్టూలేసుకుని కూర్చుంటాను.

ఇవాళ మొదటి చీటీ కోరాడ సన్యాసమ్మ, ముప్పై నాలుగు.
కొమ్ము బొమ్మలకి మెరుగు పెట్టే పని.
గోళ్ల సందున ఇంకా కొమ్ము పొడి.

"కేతే దిన హెలా?" అన్నారు మేడమ్.
ఎన్నాళ్లయింది, అన్నాను నేను.
"ఎన్నాళ్లేటమ్మా, పెద్దమనిషినైన కాణ్ణించీ.
బయటున్న మూణ్ణాళ్లూ పొత్తికడుపులో
తడిబట్ట పిండినట్టు మెలిపెడతాది.
నడుం గుంజుతాది. తొడల్లోకి సలుపు.
దొడ్డికెళ్తే సూది పోటు.
మావోడు పక్కకొస్తే..."
ఆగి, గోడ మీద కేలండరు చూసింది.

ఇన్నిటికీ నా దగ్గరున్న ఒడియా ఒక్కటే:
బింధుచి.
మెలికా గుంజుడూ సలుపూ పోటూ
ఒకే సంచిలో కుక్కి అందించాను.
ఆగిన చోటు అసలు చెప్పలేదు.

మేడమ్ తెర ఇటు తిప్పారు.
ఎడమవైపు, మబ్బు పట్టిన మడుగులాంటిది.
ఆరు సెంటీమీటర్లు. "చాక్లెట్ సిస్ట్."
నేను నోరు తెరిచేలోపే సన్యాసమ్మ నవ్వింది:
"కడుపులో చాకిలేట్లేటి?"

పాత నెత్తురు, తల్లీ.
లోపలి పొర ఉండాల్సిన చోట ఉండక
అండాశయం మీద కాపురం పెట్టింది.
నెలనెలా అక్కడే కారి, అక్కడే తిత్తి కట్టింది.
నువ్వు మెరుగు పెట్టే కొమ్ము రంగులో ఉంటుందిట.
నీళ్ల తిత్తులు వేరు, చాలావరకు వాటంతటవే ఇంకిపోతాయి.
జుట్టూ పళ్లూ మొలిచే గడ్డలు వేరు.

"కేన్సరా?"
మేడమ్ తలెత్తారు. ఆ మాటకి నా అవసరం లేదు.
అలా కనబడటం లేదు, అయినా పరీక్షలు చేద్దాం అన్నారు.
నొప్పి ఎలాంటిదో సరిగ్గా చెప్పమన్నారు.

ఈసారి చేతులతో చెప్పాను.
గాలిలో తడిబట్ట పిండాను.
నా నడుం పట్టుకుని ఇక్కడ అన్నాను,
తొడ మీంచి మోకాలి దాకా వేలు జార్చాను.
సన్యాసమ్మ ఆగిన చోట నేను ఆగలేదు.
అయిపోయాక గోడవైపు తిరిగి
పిడికిలి కొరుక్కోవడం కూడా చెప్పేశాను.

అది ఆమె చెప్పలేదు.

మేడమ్ పెన్ను దించారు.
"కేతే దిన హెలా?"
సన్యాసమ్మ వైపు తిరగబోయాను.
ఆమెని కాదు, అన్నారు.

ఫేను తిరుగుతోంది. చీటీల పుస్తకం రెపరెపలాడుతోంది.
ఒడియా రాని సన్యాసమ్మ
చీరచెంగుతో జెల్లీ తుడుచుకుని, బల్ల దిగి,
రెక్సిన్ మీద చేత్తో తట్టింది:
"రా తల్లీ, తొంగో.
సల్లగా ఉంటాది, అంతే."