పొద్దుటి గోలీకి ముందు

ఊదారంగు మూత బిగించి
ట్యూబును ఎనిమిదిసార్లు మెల్లగా తలకిందులు చేస్తాను.
కుదపొద్దు. గడ్డకట్టనివ్వొద్దు.
హన్మకొండ చౌరస్తాలో షటర్లు ఇంకా లేవలేదు,
నా బల్ల మీద అప్పటికే ఏడుగురి నెత్తురు.

"పొద్దుటి గోలీ వేసుకున్నరా?"
లేదు అనాలి.
రాత్రి ఎనిమిదికి మింగింది
ఒళ్ళంతా తిరిగి తిరిగి
అడుగంటే వేళకి ఎంత మిగిలిందో
నాకు కావలసింది అదే.

ఓదెలన్న జేబులో కాగితం చుట్టిన గోలీ,
సూది తీయగానే మింగడానికి.
కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు.
అక్క లస్మి ఇచ్చిన కిడ్నీ
కుడి పొత్తికడుపులో నాలుగేండ్లుగా.
ఆమె బెంచీ కొసన కూచుంటుంది
ఒడిలో సర్వపిండి డబ్బాతో,
రిపేరుకిచ్చిన తన వస్తువు కోసం
ఎదురుచూస్తున్నట్టు.

అక్కా అని ఒంటికేం తెలుసు?
కాపలా కుక్కలకు చుట్టరికాలుండవు.
రెండు పూటలా మత్తు పెట్టాలి.
తక్కువైతే లేచి కరుస్తాయి,
ఎక్కువైతే ఇంట్లో దొంగలు పడతారు.
సరిపోయినా సరే, కొందరికి వేళ్ళు వణుకుతాయి.

మిల్లీలీటరుకు ఐదు నుంచి ఎనిమిది నానోగ్రాములు.
"నానో అంటే ఎంత బిడ్డా?"
గ్రామును వందకోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క, అన్నాను.
"గంత సన్నపు నూలు ఏ మిల్లోడు వడుకుతడు?"

ఆ మంగళవారం మెషీన్ ఇరవై రెండు అంది.
మళ్ళీ పెట్టాను. ఇరవై ఒకటి పాయింట్ ఎనిమిది.
ఇంత ఉంటే మనిషి చాయ్ గ్లాసు పట్టలేడు.
రిజిస్టరు తీశాను.
పొద్దున పెట్టిన సంతకం
పలుగు పెట్టి సరిచేసినట్టు ఉంది.
ఆరునెలల వెనక్కి తిప్పాను:
అక్కడ 'లు' కొమ్ము వణికి
పక్క గడిలో పడింది.

ఫోన్ చేశాను. మగ్గం చప్పుడు ఆగింది.
"అన్నా, వచ్చేటప్పుడు మింగినవా?"
చాలాసేపు ఏమీ లేదు.

"చేతులు ఆగుతలేవు బిడ్డా.
అంచు తప్పుతాంది.
సేటు మూడు జంపఖానాలు వాపసిచ్చిండు.
దినం ఇడిసి దినం ఏసుకుంటున్న.
నీకాడ తక్కువ కనవడితె అక్కకు తెలుస్తదని
ఆటోల రెండు మింగిన."

మెషీన్ తప్పు చెప్పలేదు.
నెత్తురులో ఉన్నదే చెప్పింది.
అయినా ప్రింట్ నొక్కబుద్ధి కాలేదు.
"రేపు రా అన్నా. ఏం మింగకుండ రా."

బుధవారం: రెండు పాయింట్ ఒకటి.
పక్క ట్యూబులో క్రియాటినిన్ ఒక మెట్టు ఎక్కింది.
డాక్టరుకు చెబుతూ అద్దంలోంచి చూస్తే
లస్మక్క నీళ్ళ సీసా మూత తీసి అందిస్తోంది.
"ఏసుకో. గంట ఆగి తిందువు."
ఆమె ఎదురుగా కాగితం విప్పాడు.
చెయ్యి రాయిలా ఉంది.

వచ్చే నెల
రిజిస్టరు నేనే తెరిచి అతని ముందు పెట్టాను.
'లు' కొమ్ము పక్క గడిలో పడింది.
మధ్యాహ్నానికి మెషీన్ ఆరున్నర అంది.

జంపఖానాల సంగతి
నేను అడగలేదు.