ఎగ్జిబిట్ బి-7

పాలమూరు జిల్లా కోర్టుల మొదటి ఆరేండ్లు
గట్లు జరిపినోళ్ల కేసులే నాకు.
విఠల్‌రావు సారు సర్వేయరు గొలుసు పట్టించి
చేన్ల పొంట నడిపించెటోడు:
"హద్దురాయి దొరికేదాంక నోరు తెరువకు బిడ్డా."

తర్వాత పేటెంటు దావాలొచ్చినయ్.
కొత్తవని భయపడ్డ. చదివితే ఏమున్నది,
అవీ గట్లే.
రాళ్లకు బదులు మాటలు పాతుకుంటరు,
రాత్రికి రాత్రి ఒక మాట
పక్కోని చెల్కలకు జరుగుతది.
‘దాదాపు’ అనే ఒక్క మాట మీద
నేను, ఎదుటి వకీలు రెండేండ్లు కొట్లాడినం.
ఓడిపోయిన.
బస్సుల షాద్‌నగర్ దాంక ఏడ్చిన,
ఆడికెల్లి నిద్రవట్టింది.

మోనాచారి వచ్చిన నాడు
నోటీసును పల్లికాయల సంచిల పెట్టుకొచ్చిండు.
అచ్చంపేట రోడ్డు మీద ఆయన వెల్డింగు షెడ్డు.
పల్లికాయ వొలిచే మిషన్:
జల్లెడ వంపు, రబ్బరు రోలరు, కింద గాలి పంక.
అదంతా తమ పేటెంటేనని పుణె కంపెనీ
ఇరవై పేజీల ఇంగ్లీషుల రాసింది.
"వాళ్లకంటే ముందుగాల నేనే చేసినమ్మా."
ఎప్పుడు?
"దుందుభి వాగు పొర్లిన యేడు."
కాయితం?
"కొలిమికాడ కాయితం నిలుస్తదా?"

పేటెంటే చెల్లదని ఎదురుదావా వేసినం.
అంతే, ఫైలు పాలమూరు గడప దాటి
హైకోర్టుకు పోయింది. చట్టం అట్లనే చెప్తది.
దాని వెనక నేను, తొమ్మిదేండ్లు,
పొద్దుగాల ఆరున్నర బస్సు.
జడ్జిలు మారిండ్రు. నా అద్దాల నంబరు మారింది.
కంపెనీ తెచ్చిన ప్రొఫెసరు
మిషన్‌ను తెర మీద ముక్కముక్క ఇప్పి చూపిండు.
చానా మంచిగ చెప్పిండు, నిజంగనే.
నాకే నమ్మబుద్దయింది.

సాక్ష్యం రాసుకోను కమిషనర్ పాలమూరొచ్చిండు.
ప్రమాణానికి మోనాచారి చెయ్యెత్తిండు.
చూపుడువేలు సగమే ఉన్నది.
తొమ్మిదేండ్లు ఆ చేతికి చాయ్ గిలాస అందిచ్చిన,
ఒక్కనాడు అడగాలని తోచలే నాకు.

అన్నాల యాళ్లకు అడిగిన.
"మొదటి మిషన్ తిన్నది. ఎత్తుకపోయింది
కాయలు తెచ్చిన రైతులే, ఎడ్లబండ్ల."
ఏడికి?
"సర్కారు దవాఖానకు."

చిట్టీ ఆయన భార్య నాగరత్న దగ్గరున్నది,
పాత బిస్కెట్ల డబ్బల, సూదులు దారాల కింద.
కోడిగీతల రాత, గుండ్రని ముద్ర:
పల్లికాయ మిషన్ల పడి వేలు నలిగింది. నాలుగు కుట్లు.
తారీకు, కంపెనీ దరఖాస్తుకు నాలుగేండ్ల ముందటిది.
బండి తోలిన రైతు ఇంక బతికే ఉన్నడు.
చెవుడు. కోర్టుల గట్టిగ అరిసి అడిగిన,
అంతకంటే గట్టిగ చెప్పిండు.

పేటెంటు రద్దయింది.
"ఇగ మిషన్ నాదేనా?"
"ఎవ్వరిదీ కాదు. నిన్ను ఆపెటోడు లేడు, అంతే."
మోనాచారి సేపు ఊకున్నడు.
ఎవ్వరిదీ కానిదానికి తొమ్మిదేండ్లా అంటడేమోనని
నేను ఫైలుకు తాడు కట్టుట్ల మునిగిన.
ఆయన అడిగింది వేరే.
"ఆ చిట్టీ?"
"కోర్టుదైంది. ఎగ్జిబిట్ బి-7."
"నాగరత్న తిడుతది," అన్నడు.