ఉల్టా రీళ్లు

కాజీపేట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల
శనివారం రాత్రి ఇంగ్లీషు బొమ్మ.
మద్రాసు పార్సిల్ డబ్బాల దిగిన రేకు పెట్టెల్ని
సైకిలు క్యారేజికి తాడుతోని కట్టి
లోకోషెడ్డు మలుపుకాడ ఒక చెయ్యి ఎనుకకేసి పట్టుకొని
తెచ్చేటోడు మా బాపు, పసునూటి ఐలమల్లు.

డెల్లా హార్‌గ్రోవ్ ఆమె పేరు.
బాపు నోట్లె ఎల్లవ్వ.

మొదటిసారి వచ్చినప్పుడే ముసలిది.
జుట్టుకు పౌడరు కొట్టిన తెలుపు.
కొడుకును పోలీసులు తీస్కపోతుంటె తలుపుకాడ నిలబడి
నడుముకు కట్టిన గుడ్డకు చేతులు తుడుసుకుంటది.
అంతే. నలభై సెకండ్లు.
తడి లేని చేతుల్ని అంతసేపు ఎందుకు తుడిసిందని
బాపు ఇంటికొచ్చి అమ్మను అడిగిండట.
అమ్మ పొయ్యి ఊదుకుంట
"ఇంకేం జేస్తది మరి" అన్నదట.

బాపుకు ఇంగ్లీషు రాదు.
పేర్లు పడేటప్పుడు అచ్చరాల ఎత్తు చూసేటోడు.
ఆ బొమ్మల ఎల్లవ్వ పేరు
పది పేర్ల కింద, వరిమడిల ఊదర లెక్క.
మలియేడు వచ్చిన దాంట్ల నాలుగోది.
ఆ తర్వాత హీరో పేరు పక్కపొంటి.
ఒక వానకాలం, పెట్టెల్లకు నీళ్లు పోయిన రాత్రి,
తెరంత తానే.
ముందల అచ్చరం ఏడునెలల కడుపు లెక్క.
"పైకొస్తున్నది పోరి" అని
బాపు అందరికి బీడీలు పంచిండు,
మిషను రూము బయట నిలబడి.

ఏటికేడు ఎల్లవ్వకు వయసు తగ్గింది.
రంగుల బొమ్మ కాస్త నలుపు తెలుపైంది.
ఆఖరుకు వచ్చిన దాంట్ల
హోటలు మెట్లమీద సిగరెట్ల పళ్లెం పట్టుకొని,
మాట లేదు, పేరు లేదు,
ఎవలో పిలిచినట్టు ఎనుకకు తిరుగుతది.
పేరు ఎవడు కొట్టేసిండని బాపు పరేషాన్.

డ్రైవర్ మెకార్తీ దొర భార్య చెప్పింది,
హౌజీ ఆటల నంబర్లు పిలుసుకుంట:
"ఐలమల్, అన్నీ ఉల్టా వస్తున్నయ్.
సస్తాకు దొరికినప్పుడు దొరికింది పంపుతరు.
ఆ ముసలి వేషమే ఆమె ఆఖరిది.
అప్పటికి నలభై ఒక్కటే ఆమెకు.
ఇప్పుడు పత్రికలల్ల ఫ్రిజ్జు పక్కన నిలబడుతది.
నలభై ఒకటి!"
నంబరే పిలిచిందో, వయసే మళ్ల చెప్పిందో.
కొందరు కాగితం మీద గడి కొట్టేసుకున్నరు.

రీలు తెగినకాడ అతికిస్తుంటె
రెండు మూడు ముక్కలు మిగులుతయి.
బాపు వాటిని బిస్కెట్ల డబ్బల దాసిండు.
ఆ రాత్రి, అరటిపండు వాసన కొట్టే అంటుతోని
అన్నిటిని వరుసకు అతికించిండు,
సిగరెట్ల పిల్ల కాడినుంచి తలుపుకాడి తల్లి దాకా.
జానెడు ఫిల్ము.
మిషన్ల పెడితె రెప్పపాటు.
ఎవలు లేనప్పుడు ఒక్కసారే ఆడించిండట.
మళ్ల ఊడదీసిండు.
కాజీపేటకు వచ్చిన వరుసకే
తెల్లారేదాక కూసోని అతికించిండు.

ఇప్పుడది నా దగ్గరున్నది.
ట్యూబులైటుకు ఎత్తిపట్టి చూస్త.
అంటు పసుపుబారింది, అంచులు పొట్లకాయ తీగె లెక్క సుట్టుకపోతున్నయి.
చివరి ముక్కల మొకం కరిగిపోయింది.
పళ్లెం మాత్రం కనబడుతది.
తొమ్మిది సిగరెట్ పెట్టెలు, లెక్కపెట్టిన.
ఒక్కటి గూడ అమ్ముడుపోలె.