తొంభై రోజులకోసారి

స్టోర్నవే రేవులో, వలల కొట్టు మీది గదిలో
ముగ్గురం కూర్చుని సగం ఊరి లెక్కలు రాస్తాం.
బ్యాంకు నుంచి మా సాఫ్ట్‌వేర్‌లోకి
రాత్రికి రాత్రే నడిచొస్తాయి జమలూ ఖర్చులూ,
తొంభై రోజుల పాటు.
ఆపైన దారి మూసుకుపోతుంది.
ఖాతా పేరు పక్కన ఎర్రచుక్క.
మళ్లీ అనుమతి అడగాలి,
మళ్లీ ఆరంకెల కోడ్ చెప్పించుకోవాలి.

చేరిన కొత్తలో
ఒక్కో చుక్కకీ ఒక్కో పూట పోయేది నాకు.
పడవ మీదున్నవాడికి ఫోన్ చేస్తే గాలి మాట్లాడింది.
నేతగాడు ఫిన్లే మగ్గం ఆపకుండానే ఎత్తాడు,
అతను చదివిన ఆరంకెల్లో
నాలుగే బతికి బయటపడ్డాయి.

ఇష్బెల్ కుర్చీ జరుపుకుంటూ వచ్చి
తెర అంచున పసుపు గుర్తు నొక్కింది.
"ఇది చూడకుండానే చేస్తున్నావా ఇన్నాళ్లూ?"

ఏడేళ్ల నోట్లు, ఒకరి కింద ఒకరివి.
"ఫిన్లేకి టీ వేళ చెయ్యి. మగ్గం ఆగుతుంది, నోరాగదు."
"పీతల పడవకి రెండో ఖాతా ఉంది, తమ్ముడికి తెలీదు."
"రూరీ, ఆ ముక్క కొట్టెయ్."
"కొట్టేశా."
కొట్టెయ్యలేదు.
"ఆదివారం ఎవరికీ ఫోన్ చెయ్యొద్దు.
ఎవరికీ అంటే ఎవరికీ."
"పాస్‌వర్డ్ ఇక్కడ రాసినవాళ్లు వారం పాటు బిస్కెట్లు కొనాలి."

ఆ రోజు బిస్కెట్లు రూరీవే.

నవంబరులో నా వంతుకొచ్చింది
పెగీ మెకైవర్ ఉన్ని దుకాణం.
"కోడ్ భర్త ఫోన్‌కి వస్తుంది."
కింద, వేరే చేత్తో: "తోర్మోద్ ఫిబ్రవరిలో పోయాడు."
కింద: "నంబరు మార్చమన్నాను. మార్చదట.
ఇంకెవరూ అడగొద్దు."
ఆ కింద ఇష్బెల్:
"ఫోన్ మేడ మీద ఛార్జింగ్‌లో ఉంటుంది.
కోడ్‌కి గడువు రెండు నిమిషాలే.
ముందు ఆమెని పైకెళ్లనివ్వు. తర్వాత బటన్ నొక్కు."

మొదట మెట్ల చప్పుడు వినిపించింది,
తర్వాత ఊపిరి,
తర్వాత తలుపు కిర్రుమనడం.
"ఆఁ, కూర్చున్నాను" అంది.
నొక్కాను.
అవతల బల్ల మీద ఏదో గుర్రుమంది.
"వచ్చింది."
అంకెలు గేలిక్‌లో మొదలుపెట్టి
నాలుక కరుచుకుని ఇంగ్లీషులో మళ్లీ చదివింది.
చివరి అంకె దగ్గర కాస్త ఆగి,
"మీరు తప్ప ఆయనకి
ఎవరూ మెసేజ్ పెట్టరు" అంది.

నాకేం అనాలో తోచలేదు.
థాంక్స్ అన్నాను.

చుక్క పచ్చబడింది.
మూడు రోజుల వెనకటి పద్దులు బిలబిలమంటూ దిగాయి:
ఉన్ని కండెలు, కరెంటు, ఓడ కిరాయి,
మధ్యలో ఎనిమిది పౌండ్లు,
తోర్మోద్ ఫోన్ నెలసరి.
ఏ పద్దు కింద వెయ్యాలని సాఫ్ట్‌వేర్ అడిగింది.
సొంత ఖర్చా? దుకాణం ఖర్చా?
చాలాసేపు చూశాను.
కిటికీలోంచి సాయంత్రపు ఓడ
లైట్లన్నీ వేసుకుని వెళ్లిపోయింది.

ఇష్బెల్ రాసినదాని కింద నేనూ రాశాను:
"నెలనెలా ఎనిమిది పౌండ్లు, దుకాణం ఖర్చే.
బ్యాంకు కోడ్ వచ్చేది ఆ ఫోన్‌కే.
మెట్లు పదమూడు. తొమ్మిదో దానిమీద ఆగుతుంది.
అక్కడ పలకరించకండి."