ఇంకా చూస్తానే ఉండారు

జహ్రాలో సాయంత్రం ఆరున్నర.
ఏసీ గుర్రుమంటా ఉంది. గోడ నిండా టీవీ.
మొహాలు హిందీవి, గొంతులు అరబ్బీవి,
కింద చాప మీద నేను లక్కిరెడ్డిపల్లె దాన్ని.

ఉమ్ నాసర్‌కు చూపు పోయి రెండేండ్లు.
మాటలన్నీ ఆమె చెవులకు అందుతాయి.
మాటల్లేని చోటే నేను కావాల.
ఆ సీరియల్లో మాటల్లేని చోట్లే ఎక్కువ.

"ఏమైంది ఇప్పుడు?"
"ఏం లేదు మామా. మెట్ల మీద కాలు జారింది. వాడు పట్టుకున్యాడు."
వయొలిన్లు. గాలి. ఒక్క కిటికీ తెరవని ఇంట్లో
ఆయమ్మి వోణీ ఎగిరి వాని మొహం మీద పడింది.
"ఇప్పుడు?"
"చూసుకుంటాండారు."
ప్రకటనలు వచ్చి పోయినాయి. సబ్బు, టీపొడి, మళ్లా సబ్బు.
"ఇప్పుడో?"
"ఇంకా చూస్తానే ఉండారు."
ముసలామె నిట్టూర్చింది:
"వాళ్లకు పొయ్యి మీద ఏమీ లేదా?"

ఇంకోనాడు ఫెళ్లున ఉరిమింది.
"వానా?" అని ఉలిక్కిపడింది.
వాన కాదు మామా, అత్త.
మూడు పక్కల నుంచి మూడుసార్లు తిరిగింది.

నేను ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుడతా ఉంటా.
బీడీలు చుట్టిన వేళ్లు,
ఏది చుట్టినా సన్నగానే వస్తాది.

మొదట్లో నాకు అరబ్బీ ఇంత రాదు.
ప్లేటు, నీళ్లు, తొందరగా, రేపు. అంతవరకే.
"నువ్వు లేకుంటే బతకలేను" అనే మాట
ఈ డబ్బింగు పిల్ల దగ్గరే నేర్చుకున్యా.
వంటింట్లో దాంతో పనేం పడలేదు.

పాపిట్లో సిందూరం పోస్తే, ఇదేంది, అంటాది.
జల్లెడలోంచి చంద్రున్ని చూస్తే,
నువ్వూ మీ ఆయన్ని ఇట్లే చూసినావా, అంటాది.
మా తట్టు జల్లెడ పిండికి మామా.
అనలేదు. చూసినా అన్యా.
ఆ ఇంటికి ఇండియా అంతా నేనే కదా.

ఒకనాడు అడిగింది, "వాడెట్లుంటాడో చెప్పు."
టీవీలో వాడు పాలమీగడ మాదిరి ఉండాడు,
పై గుండీ ఎప్పుడూ పెట్టుకోడు.
నోరు తెరిచినా. నోట్లోకి మద్దిలేటి వచ్చినాడు.
"నల్లగా ఉంటాడు. గడ్డం కింద గొడ్డలి గీసుకున్న మచ్చ.
నవ్వితే కుడి పక్క పన్ను ఒకటి వంకర.
చేతులు గరుకు. డీజిల్ వాసన."
"కోటీశ్వరునికి డీజిల్ వాసనా?"
"వానికి కార్లు చానా ఉండాయి మామా."

మద్దిలేటి అబ్దలీ తోటలకు నీళ్ల ట్యాంకరు తోల్తాడు.
ఒకే దేశం. గంట దూరం.
నెలకు ఒక శుక్రవారం మాలియాలో, జనం మధ్య,
గట్టు మీద కూర్చుంటాం. రెండు చాయ్‌లు,
మధ్యలో ఒక జానెడు ఎడం.
అకామా సంగతి, చీటీ సంగతి, పిల్లోని ఫీజు.
లేచేటప్పుడు మాత్రం చూస్తాడు.
వయొలిన్లు ఉండవు. బస్సు వస్తాది.

రంజాను ముందర ఒకనాడు కోడలు వచ్చి మాతో కూర్చుంది.
ఫోన్లోంచి తల ఎత్తి
"ఎంత తెల్లగా ఉండాడో, పింగాణీ బొమ్మ" అనింది.
ముసలామె జపమాల తిప్పడం ఆపింది.
"నీకేం తెల్సు? వానికి గడ్డం కింద మచ్చ ఉంది.
పన్ను వంకర.
అందుకే ఆ పిల్ల ఎన్నిసార్లు పోయినా తిరిగి వస్తాది."

కోడలు టీవీ దిక్కు చూసింది. నా దిక్కు చూసింది.
నేను చుట్టిన ఆకు విప్పి
మళ్లా చుట్టినా.

వయొలిన్లు మొదలైనాయి.
"ఏమైంది ఇప్పుడు?"
ముసలామె నా భుజం వెతికి తట్టింది.
"బస్సు వచ్చింది మామా," అన్యా.